కుడి దిక్కు వెనుక టైరు

అశోక్ నగర్, హైదరాబాద్
16 నవంబర్ 2012, శుక్రవారం

రామచంద్రం మామకు,

నీ మేనల్లుడు నాగేందర్ రెండు చేతులు జోడించి రాస్తున్నది. ఇక్కడ నేను మంచిగున్న. అక్కడ నువ్వు, యశోదత్త, రమ్య అందరు సల్లగ ఉన్నరని అనుకుంటున్న. ఉత్తరమంటె ముందుగాల ఇట్ల రాయాలె గనక రాసిన గని, మంచిగున్న అన్నమాట రాస్తుంటె నాకే ఎట్లనో అయ్యింది. ఎందుకో కిందికి చదువుకుంట పోతె నీకే తెలుస్తది.

ఒక మాట ముందే చెప్తున్న. ఈ ఉత్తరం రమ్యతోని చదివించకు. నువ్వే చదువు. పోయిన నీ ఉత్తరం రమ్య చేతిరాతల వచ్చింది. కవరు మీద నీ గుండ్రటి అక్షరాలు లేకపోయేసరికి నా పానం గుబేలుమన్నది. హాస్టల్ మెట్ల మీదనే నిలబడి చింపి చదివిన. 'బాపుకు అక్షరాలు ఆనుతలెవ్వంట, నన్ను రాయమన్నడు' అని పైననే రాసింది. నువ్వు అద్దాలు లేకుంట పేపర్ల రాశిఫలాలు చదివేటోనివి. 

ఫోను చెయ్యచ్చు కదా అని అత్త అనుకుంటదేమో. పదహారేండ్లు ఆ గడ్డి బండి ఇంజను మీద కూసొని నీ చెవులు గుయ్యిమంటున్నయి. ఫోన్ల ఏది చెప్పినా 'ఆఁ, ఏందీ' అంటవు. నేను చెప్పేది హాస్టల్ వరండల నిలబడి గట్టిగ అరిచి చెప్పేటిది కాదు. అందుకే రాస్తున్న. దీపావళికి కొడుకు దగ్గరికొచ్చిన మన ఊరి లక్ష్మయ్య తాత రేపు పొద్దుగాల కాచిగూడల ప్యాసింజర్ ఎక్కుతున్నడు. ఆయన చేతికి ఈ ఉత్తరం, ఒక సంచి ఇస్తున్న. సంచి ఇప్పుడే ఇప్పకు.

అత్త అడిగింది, తింటున్నవా లేదా అని. తింటున్న. మెస్సుల సాంబారు నీళ్లే అయినా అన్నం వేడిగ పెడ్తున్నరు. రమ్య అడిగిన పుస్తకం చౌరస్తా దగ్గర పాతది దొరికింది, అది కూడ లక్ష్మయ్య తాతకే ఇస్తున్న. నోటిఫికేషన్ గురించి అడిగినవు. ఇంక పడలె. ఇగ పడ్తది అగ పడ్తది అని ఈ అశోక్ నగర్ టీ కొట్ల దగ్గర పొద్దంత అదే ముచ్చట. మా రూములుండె రాఘవేందర్ అయితె మూడోసారి నోట్సు తిరగ రాస్తున్నడు.

ఇగ నువ్వడిగిన మాటకు వస్త. ఎనిమిది దినాల నుంచి దీనికాడికి వచ్చి ఆగుతున్న.

నువ్వు రాయించినవు: 'అల్లుడా, నీకు గడ్డి కోత సమంగ వస్తున్నదంట, కాలేజీల అందరు మెచ్చుకుంటున్నరంట. మంచిది. నాకెందుకు మెట్లుమెట్లు పడ్డదో నాకు ఇంకా సమజ్ కాలె. నువ్వేం చేస్తున్నవో జర రాయి. నేనెక్కడ తప్పిన్నో తెలుసుకుంట. తెలుసుకొని చేసేదేం లేదు, ఊకె మనసు నిమ్మళం కోసం.'

మామా, పదహారేండ్లు నారాయణగూడల ఆ కాలేజీ గ్రౌండు కోసినోనివి నువ్వు. గడ్డి కోసే బండి మీద కూసొని స్టీరింగు పట్టుడు నాకు నేర్పినోనివి నువ్వు. నువ్వు నన్ను నేర్పమని అడుగుతున్నవు. 

నేనేం చేస్తున్నంటె, నువ్వు చెప్పినదే చేస్తున్న, ఇంకోటి లేదు. పొద్దుగాల గ్రౌండు మొత్తం నడుస్త, రాళ్లు, మొలలు, టెంటు మేకులు ఏరుత. మంచు ఆరి గడ్డి పొడిగయ్యేదాంక బండి తియ్య. షెడ్డుల సిమెంటు గచ్చు మీదనే బండి పెడ్త, మట్టి మీద పెట్ట. నాలుగు టైర్ల గాలి చూస్త. బ్లేడ్లుండె డెక్కు కిందికి ఎత్తు కొలువనీకి నువ్వు చెక్కిన చింతచెక్క ముక్క దూర్చి ఎడమ దిక్కు ఒకసారి, కుడి దిక్కు ఒకసారి చూస్త, ముందట జర కిందికి, ఎనుక జర మీదికి ఉంచుత. ఇంజను ఫుల్లు పెట్టి బండి మాత్రం నిమ్మళంగ నడుపుత. పోయిన గీత మీద బెత్తెడు ఎక్కించి కోస్త. ఈ వారం నిలువు కోస్తె వచ్చే వారం అడ్డం కోస్త. ఇండ్ల నాది ఒక్కటన్న ఉన్నదా చెప్పు.

మరి నాకెందుకు సమంగ వస్తున్నది, నీకెందుకు రాలె?

జూలైల అత్త తరఫు పెద్దమ్మ దినాలకని నువ్వు మూడొద్దులు ఊరికి పోయినవు. షెడ్డు తాళం నా చేతుల పెట్టి 'నీళ్లు పట్టు, గంతే. సీటు మీద కూసోకు' అన్నవు. నేను సరే అన్న. శనివారం సాయంత్రం గ్రౌండుల ఎవరిదో ఫంక్షన్ అయ్యింది. ఆదివారం పొద్దున టెంటోళ్లు అంత పీక్కొని పోయిన్రు. రాఘవేందర్, మా హాస్టల్లనే ఉండె భానుప్రకాశ్ చాయ్ తాగుకుంట అటు వచ్చిన్రు. 'ఏందిరా, రోజు నీ మామనే నడుపుతడా, నీకు రాదా' అన్నడు భానుప్రకాశ్. నాకు రోషమొచ్చింది. తాళం తీసి బండి బయటికి తెచ్చిన. గ్రౌండు నడువలె. ఒక్క మొల ఏరలె. వాళ్లు ఫోన్ల ఫోటో తీస్తుంటె రాజకుమారుని లెక్క చెయ్యి ఊపుకుంట స్టేజీ ఉన్న జాగల నుంచి రెండు చుట్లు తిప్పిన.

షెడ్డుల పెట్టినంక చూస్తె కుడి దిక్కు వెనుక టైరుకు స్టేజీ పలకల సన్న మొల దిగి ఉన్నది. పీకిన. గాలి సుయ్యిమని పోలె. చెవి పెట్టి విన్న, చప్పుడు లేదు. ఏం కాలేదనుకున్న. సాయంత్రానికి టైరు జర కూసున్నది.

అప్పుడే పోయి చిక్కడపల్లిల పంక్చర్ షాపాయనను తోలుకొస్తె అయిపోయేది. కాని ఆ చక్రం ఇప్పాల్నంటె పానాలు, జాకీ నీ పెట్టెల ఉన్నయి, పెట్టె తాళం నీ మొలతాడుకు ఉన్నది. నువ్వొస్తె చెప్పాలె. చెప్తె, సీటు మీద ఎందుకు కూసున్నవంటవు. గ్రౌండు నడిచినవా అంటవు. నువ్వు తిడితె పడుదును మామా. నువ్వు తిట్టవు. మొఖం అటు తిప్పుకొని ఒక దినమంత మాట్లాడవు. దానికే భయపడ్డ.

నువ్వొచ్చిన తెల్లారి నేను జల్దీ వచ్చిన. ఆరు గంటలకు నువ్వు గేటు అవతలికి చాయ్ తాగనీకి పోతవు, పదిహేను నిమిషాలకు తక్కువ రావు. గా టైముల రాఘవేందర్ సైకిల్ పంపుతోని కుడి దిక్కు టైరుకు గాలి కొట్టిన. ఇరువై దెబ్బలు. పంపును ఎరువు బస్తాల ఎనుక దాచిన. నువ్వొచ్చి గాలి చూసినవు, సరిగ్గున్నది. చెక్క ముక్క దూర్చి చూసినవు, ఎడమ కుడి సమంగున్నది. బండి ఎక్కినవు. నువ్వు సగం గ్రౌండు కోసేసరికి ఆ టైరు కొంచెం కొంచెం కూసుంటనే ఉన్నది. బండి కుడికి ఒరిగింది, దాంతోని డెక్కు ఒరిగింది. కుడి బ్లేడు కిందికి, ఎడమ బ్లేడు మీదికి. గీతకు గీతకు నడుమ మెట్టు పడ్డది.

ఒక్క దినం కాదు మామా. జూలై నడిమి నుంచి నువ్వు పోయిందాంక, నువ్వు బండి తీసిన ప్రతి పొద్దు నేను గాలి కొట్టిన. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటనే కొట్టిన. ఎన్ని దినాలు దాస్తె చెప్పుడు గంత కష్టమైంది. నువ్వు బ్లేడ్లు ఇప్పి నూరిపిచ్చినవు. డెక్కు కింద పేరుకున్న గడ్డంత గీకి కడిగినవు. గేరు ఇంక తగ్గించి నత్త లెక్క నడిపినవు. మధ్యాహ్నం అన్నం కూడ తినకుంట గ్రౌండు నడుమ గొంతుక కూసొని గడ్డిని అరచేతితోని నిమురుకుంట చూసేటోనివి. నేను పైపు పట్టుకొని నీళ్లు పడ్తున్నట్టు చేసుకుంట నిన్నే చూసేది.  అయినా నోరు ఇప్పలె.

ఇంతవరకు రాసినది సగమే. అసలుది ఇప్పుడు రాస్తున్న.

యాదికున్నదా, ఆగస్టు మొదట్ల ఒక సాయంత్రం నువ్వు కోత అయినంక బండిని మల్ల గచ్చు మీద పెట్టి చెక్క ముక్క దూర్చినవు. గాలి పొద్దుగాలనే చూసినవు గనక మల్ల చూడలె. కుడి దిక్కు దూరలె. డెక్కు కిందికున్నది. దొరికింది అనుకున్నవు, నీ మొఖం వెలిగింది. నట్టు తిప్పి కుడి దిక్కు లేపి సమం చేసినవు. తెల్లారి నేను గాలి కొట్టిన, నువ్వొచ్చి చూస్తె ఇప్పుడు ఎడమ దిక్కు దూరలె. నువ్వు నేల మీద బోర్ల పండి చూసినవు, లేసినవు, మల్ల పండినవు. ఆఖరికి నా దిక్కు చూసి చిన్న పిలగాని లెక్క అడిగినవు: 'నిన్న నేనే తప్పు చూసిన్నా అల్లుడా?'

అప్పుడు నేను చెప్పాల్సింది. నా నోటికాడికి వచ్చింది కూడ. కాని నేనేమన్ననో నీకు తెలుసు. 'మసకల చూసినవ్ కదా మామా, నీకు ఆనలేదేమో' అన్న.

నువ్వు చెక్క ముక్కను కండ్ల దగ్గరికి తెచ్చుకొని చూసినవు. దూరం పెట్టి చూసినవు. 'అయి ఉంటది' అన్నవు.

తర్వాత పది దినాలకు జెండా పండుగ నాడు పొద్దటి ఎండ ఏటవాలుగ పడి గ్రౌండంత మెట్లుమెట్లు కనపడ్డది. గ్రౌండు చూసుకునే శ్రీరామమూర్తి సారు అందరి ముందట 'ఏమయ్యా రామచంద్రం, ఇదేమిటి, నిద్రలో కోశావా? పదహారేళ్ళల్లో నీ చేతి మీద ఇలాంటి కోత చూడలేదు నేను' అన్నడు. నువ్వు నెత్తి కిందికేసుకొని 'కండ్లు ఆనుతలెవ్వు సార్' అన్నవు.  నాలుగు దినాలకు సారు 'ఇంక విశ్రాంతి తీసుకో' అన్నడు. మీ ఇంట్ల అందరు ఆ కండ్ల మాట శ్రీరామమూర్తి సారుదే అనుకుంటున్నరు, అత్త ఇప్పటికి ఆయనను తిడ్తనే ఉన్నదని రమ్య రాసింది. ఆయన కండ్ల మాట ఎత్తనే లేదు. చెప్పినోనివి నువ్వు. నీ నోట్ల ఆ మాట పెట్టినోన్ని నేను.

పోయేముందు నువ్వు సారు దగ్గరికి పోయి 'మా అల్లునికి కండ్లు మంచిగున్నయి సార్, పని తెలుసు, ఆని చేతిల పెట్టండి' అని బతిమాలినవు. కాచిగూడ స్టేషన్ల రైలు కదిలేటప్పుడు కిటికీల నుంచి ఆ చెక్క ముక్క నా చేతుల పెట్టినవు. నేను తీసుకున్న. నన్ను నేను ఎన్ని తిట్టుకున్నా ఆ తీసుకున్నది ఒకటి మాత్రం ఎట్ల తీసుకున్ననో నాకు సమజ్ కాదు.

నువ్వు పోయిన తెల్లారే నేను ఆ చక్రం ఇప్పి, చిక్కడపల్లికి తీస్కపోయి కొత్త ట్యూబు ఏపిచ్చిన. ఆ వారమే కోత అద్దం లెక్క వచ్చింది. నీకు రాయలె. వాకింగ్‌కు వచ్చేటోళ్లు ఆగి మరీ 'పడుచు కళ్ళు కదా' అంటున్నరు. ఆ మాట విన్నప్పుడల్ల నాకు షెడ్డుల తలుపేసుకొని కూసోవాలనిపిస్తది. పాత ట్యూబు పారెయ్యబుద్ధి కాలె. హాస్టల్ల నా ట్రంకు పెట్టెల, గైడ్ల కింద పేపరు చుట్టి పెట్టిన. చెడ్డ రబ్బరు వాసన, రాఘవేందర్ రోజు గొణుగుతనే ఉన్నడు.

అయినా మూడు నెలలు సీటు మీద కూసున్న. నీ ఉత్తరం రాకుంటె ఇంక కూసుందునేమో, అబద్ధం ఎందుకు. నీ ఉత్తరంల ఆఖరు ముక్క చదివినంక నా వల్ల కాలె. మన ఊరి కిషన్ రావు కొత్త ట్రాక్టరు కొన్నడని, యాసంగి దుక్కులకు, పొలం చదును చేసెటందుకు నిన్నే నడుపమంటున్నడని, సోమవారం మాట చెప్పమన్నడని రాయించినవు. 'కండ్లు ఆనని మనిషి చదును ఏం చేస్తడు, వద్దని చెప్తున్న' అన్నవు. సైకిలు కూడ తొక్కుతలేవని, సంతకు రమ్య చెయ్యి పట్టుకొని పోతున్నవని రమ్య ఓ మూలకు సొంతంగ రాసింది. మామా, నీ కండ్లకు ఏం కాలె. నేను నీ చూపు తీస్కోలె, నీకు నీ చూపు మీదుండె నమ్మకం తీసుకున్న. ఏది పెద్ద పాపమో నాకు తెల్వదు.

నిన్న నేను చిక్కడపల్లిల శ్రీరామమూర్తి సారు ఇంటికి ట్యూబు పట్టుకొని పోయిన. వాకిట్ల నిలబడే మొత్తం చెప్పిన.  ఆయన లోపలికి పోయి బకెట్ల నీళ్లు తెచ్చిండు, పంపు తెమ్మన్నడు. నేను గాలి కొడ్తుంటె ఆయనే ట్యూబును నీళ్లల ముంచి చూసిండు. చాలాసేపు చూసిండు. మెల్లగ అన్నడు: 'రోజూ ఆ గడ్డి మీద నడుస్తూ నిన్ను మెచ్చుకున్నానయ్యా. అంతకు ముందు నలుగురిలో ఆయన్ని చిన్నబుచ్చాను. రెండూ నాతోనే చేయించావు.'

నన్ను తియ్యమని చెప్పిన. బండి తాళం ఆయన ముందట పెట్టిన. ఆయన తీసుకొని జేబుల వేసుకున్నడు. 'నిన్ను తీసేయడమో ఉంచడమో నేను చెప్పను. ఈ తాళం ఎవరికివ్వాలో రామచంద్రమే చెప్తాడు. అంతవరకు గడ్డి పెరగనీ' అన్నడు. వచ్చే నెల టోర్నమెంటు ఉన్నదని యాది చేసిన. 'పెరగనీ' అన్నడు మల్ల. ఆయన నీకు వేరేగ ఉత్తరం రాస్తనన్నడు. రాసేవరకు ఆగకుంట నేనే ముందు రాయాలని కూసున్న, ఎందుకంటె ఇది ఆయన నోటి నుంచి నీకు తెలియకూడదు.

నువ్వు మల్ల ఇక్కడికి రమ్మని నేను అడుగుతలేను. అడిగేటంత మొఖం నాకు లేదు. కిషన్ రావు ట్రాక్టరు ఎక్కుతవో, ఇక్కడ నీ సీటు మీద కూసుంటవో, రెండూ వద్దని అరుగు మీద కూసుంటవో నీ ఇష్టం. కాని సోమవారం నాడు కండ్లు ఆనుతలెవ్వని మాత్రం చెప్పకు. మాఫ్ చెయ్యమని కూడ రాస్తలేను. రాస్తె నువ్వు చేస్తవు. నాకు తెలుసు నీ సంగతి. జర కొన్ని దినాలన్న కోపంగ ఉండు మామా.

ఒకటి అడుగుత. ఈ ఉత్తరాన్ని నువ్వు ఒక్కనివే ఇక్కడిదాంక చదివినవు. నేను ఏమన్న పెద్ద అక్షరాలు రాసిన్నా? ఎప్పటి లెక్కనే, పరీక్ష నోట్సు రాసినట్టు సన్నగ రాసిన. ఇప్పుడు దీన్ని రమ్యకు ఇయ్యి. అత్త వింటుంటె గట్టిగ చదువుమను. నీకు కూడ వినపడేటంత గట్టిగ. నేను చేసింది వాళ్లకు తెల్వాలె. రమ్య ముందట నాకు ఇగ ఏ ఇజ్జత్ ఉండదు, ఉండకపోతె ఉండకపాయె.

ఇప్పుడు సంచి ఇప్పు. అండ్ల రెండున్నయి. ఒకటి నీ చింతచెక్క ముక్క. అది నాది కాదు. రెండోది ఆ ట్యూబు. ఆదివారం పొద్దుగాల దానికి గాలి కొట్టి, కిషన్ రావును పిలిచి పక్కన నిలబెట్టుకొని, బర్లు తాగే తొట్టిల ముంచు. వాల్వు నుంచి జానెడు దూరంల చూడు. గట్టిగ బుడగలు రావు, వస్తె నేను నాడే దొరికిపోదును. సన్నగ, ఆవగింజంత, ఒకదాని ఎనుక ఒకటి వస్తయి. శ్రీరామమూర్తి సారు అద్దాలు పెట్టుకొని కూడ మొదట కనిపెట్టలె. నువ్వు అద్దాలు లేకుంటనే లెక్కపెట్టి కిషన్ రావుకు చెప్పు.

ఇట్లు,
నువ్వు నేర్పిన పనినే నీ మీదికి తిప్పిన
నీ మేనల్లుడు
నాగేందర్